పట్టని టంకం

జనవరి నెల, రెండో శనివారం. పొద్దున్న ఎనిమిదీ పదికి తోర్వా రైల్వే కాలనీలో తన ఇంటి వెనక వసారాలో పనిబల్ల సర్దుతూ చిన్నతల్లి ఒక చిన్న ఉక్కు తీగ ముక్కను చేతిలోకి తీసుకుంది. నిజానికి అవి రెండు ముక్కలు. పక్కపక్కన పెట్టి, సన్నటి రాగి తీగ చుట్టి, పైన టంకం పోసి ఒకటిగా అతికిన నమూనా. పారేసే ముందు ఊరికే, అలవాటు కొద్దీ, రెండు కొసలనూ రెండు కటింగ్ ప్లేయర్లతో పట్టుకుని మెలితిప్పింది. అతుకు లోపల ఏదో కదిలింది. ఇంకొంచెం తిప్పి లాగింది. ఒక ముక్క రాగి చుట్టలోంచి ఒరలోని కత్తిలా మెల్లగా బయటికి వచ్చేసింది.

చిన్నతల్లి ఆ తీగను వెలుతురు వైపు పెట్టి చూసింది. దాని మీద టంకం మరక కూడా లేదు. కొట్లో కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆమె బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. ఏ పని చేసినా అదే తీగతో, అదే టంకంతో, అదే పూట ఒక నమూనా అతికి పెట్టుకోవడం ఆమె పద్ధతి. గురువారం మధ్యాహ్నం ఈ నమూనాతో పాటే రాంప్రసాద్‌గారి కొత్త మోడల్ విమానానికి రెండు అతుకులు వేసింది. విమానం అప్పుడే వెళ్లిపోయింది. ఈ రోజు తొమ్మిదిన్నరకి ఉస్లాపూర్ దగ్గర ఒక బడి వార్షికోత్సవంలో అది ఎగరాలి. చుట్టూ నాలుగు వందల మంది పిల్లలు కూర్చుంటారు.

ఫోను తీసి రాంప్రసాద్‌కి కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. ఆయన ముప్పై నాలుగేళ్లు రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి. డ్యూటీలో ఫోను సైలెంటులో పెట్టి సంచిలో పడేసే అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. విమానం ఎగరేయడం కూడా ఆయన దృష్టిలో డ్యూటీయే.

ఆ విమానాలు రిమోటుతో నడిచేవి కావు. నడిపే మనిషి మైదానం మధ్యలో ఒక హ్యాండిలు పట్టుకుని నిలబడతాడు. ఆ హ్యాండిలు నుంచి అరవై అడుగుల సన్నటి ఉక్కు తీగలు రెండు విమానం ఎడమ రెక్క కొసకు వెళ్తాయి. చిన్న ఇంజను, ముందు పంకా. గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో విమానం ఆ మనిషి చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. ఒక తీగ లాగితే పైకి లేస్తుంది, రెండోది లాగితే దిగుతుంది. రెక్క కొసన ఈ తీగలు తగిలించడానికి రెండు కొక్కేలుంటాయి. ఉక్కు తీగను వెనక్కి మడిచి, మడతను రాగి తీగతో చుట్టి, టంకం పోసి ఆ కొక్కేలు చేస్తారు. మడత విడిపోతే విమానానికీ మనిషికీ సంబంధం తెగిపోయినట్టే. కిలో బరువు, కోసే పంకా, ఎటు పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. రెండేళ్ల కిందట ఇంకో ఊళ్లో ఎవరి విమానమో అలాగే తీగలు తెంపుకుని ఆగి ఉన్న జీపు అద్దంలోకి దూసుకుపోయిందట. జీపులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ సంగతి చెప్పింది కూడా రాంప్రసాదే.

గురువారం ఏం చేసిందో చిన్నతల్లికి స్పష్టంగా గుర్తుంది. రాగికైతే డబ్బాలో దొరికే పేస్టు చాలు. ఉక్కు మొండిది. జింకు ముక్కలు కరిగించిన తేజాబ్, అంటే యాసిడ్, రాస్తే తప్ప దానికి టంకం పట్టదు. పట్టినట్టు పైకి మెరుస్తుంది, అంతే. తేజాబ్ పొగ ఇంట్లో పెట్టకూడదు. గొంతు పట్టేస్తుంది, చుట్టుపక్కల ఇనుమంతా రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. అందుకని ఆ పని ఎప్పుడూ పెరట్లో చేసేది. గురువారం కాలం కాని కాలంలో వాన. వసారాలోకి కూడా జల్లు కొడుతోంది. ముందుగదిలో రాంప్రసాద్ చేతిగడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. లోపలికి వెళ్లి, ఆఫీసు పనికి వాడే పేస్టు డబ్బా మూత తీసింది. రెండు అతుకులే కదా అనుకుంది. టంకం చక్కగా పారింది, వెండిలా మెరిసింది. నమూనాను మెలితిప్పి చూసేలోపే ఆయన విమానాన్ని పాత దుప్పట్లో చుట్టేస్తున్నాడు. ఆమె కూడా ఊరుకుంది.

చిన్నతల్లి అతుకు తప్పిందంటే కాలనీలో ఎవరూ నమ్మరు. ఆమె తండ్రి అప్పారావు రైల్వేలో దీపాల గదిలో పనిచేసేవాడు. గార్డులు ఊపే కిరసనాయిలు లాంతర్లు కారితే బాగుచేసే పని. బొగ్గుల సిగిడిలో కాల్చిన రాగి దిమ్మతో ఆయన టంకం పెడుతుంటే, పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది. ఆమెకు పందొమ్మిదేళ్లప్పుడు ఆయన సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన బదులు ఆమెకి రైల్వేలో ఉద్యోగం ఇచ్చారు. కలాసీ హెల్పరుగా సిగ్నల్ విభాగంలో చేరిన రోజున, ఈ పిల్ల ఏం చేస్తుంది, టీ తెస్తుందా అని నవ్విన వాళ్లున్నారు. మూడేళ్లలో సిగ్నళ్లు మార్చే రిలే స్విచ్చుల మరమ్మతు బల్ల ఆమెదైపోయింది. వెంట్రుక మందం తీగను కూడా చెయ్యి వణక్కుండా అతికేది. ఇప్పుడామెకి యాభై ఒకటి. హిందీ వాళ్లకు చిన్నా దీదీ. భర్త శంకరరావు గూడ్సు గార్డు. ఆ వారం లైను మీదే ఉన్నాడు.

పదకొండేళ్ల కిందట రాంప్రసాద్ ఒక కారే పెట్రోలు డబ్బా, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, పట్టుకుని వచ్చి, "అమ్మా, దీనికి నువ్వే దిక్కు" అన్నాడు. మోడల్ విమానాలతో ఆమె పరిచయం అలా మొదలైంది. ఆ తర్వాత వాళ్ల క్లబ్బులో తయారైన ప్రతి విమానానికీ డబ్బా, చక్రాల కాళ్లు, కొక్కేలు ఆమె చేతి మీదుగానే వెళ్లాయి. కానీ ఒక్కసారి కూడా హ్యాండిలు పట్టుకోలేదు. జనాన్ని ఆపడానికి కట్టే తాడు బయట నిలబడి చూసేది.

ఎనిమిదీ ఇరవై. చిన్నతల్లి సంచిలోకి తేజాబ్ సీసా, టంకం తీగ, రాగి తీగ చుట్ట, ఆకురాయి, ప్లేయర్లు వేసింది. మైదానంలో కరెంటు ఎక్కడుంటుందని, గోడకు వేలాడుతున్న తండ్రి రాగి దిమ్మ కూడా తీసి సంచిలో పెట్టింది. విడదీసిన నమూనాను కొంగు కొసన ముడేసుకుని స్కూటీ ఎక్కింది.

దారిలో రైలు ఫాటక్ గేటు మూసి ఉంది. ఎదురుగా బొగ్గు బండి. బండి ముందుకి కదలడం లేదు, సిగ్నల్ కోసం ఆగింది. ఆమె ఉద్యోగమే సిగ్నళ్లది. ఆ ఎరుపు ఎంతసేపు ఉంటుందో తెలియకపోవడం జీవితంలో అంత కష్టంగా ఎప్పుడూ అనిపించలేదు. ఫోను తీసి క్లబ్బులో ఇంకో మనిషికి, బ్యాంకులో పనిచేసే ప్రవీణ్‌కి కొట్టింది. విమానాన్ని వెనక నుంచి పట్టుకుని వదిలేది అతనే. రింగయింది, ఎవరో ఎత్తారు కూడా. అవతల నుంచి చెవులు పగిలే ఇంజను మోత. "ప్రవీణ్, ఆపండి, ఎగరెయ్యకండి!" అని అరిచింది. "హలో? హలో? ఇనపడ్తలేదు" అన్న మాట ఒకటి వచ్చి లైను తెగింది.

ఇంజను మోగుతోందంటే సరిచూసుకుంటున్నారన్నమాట. తొమ్మిది కావడానికి పావుగంట ఉంది. పక్కన ఆటోవాడు బండి దిగి బీడీ ముట్టించాడు. మెల్లగా, ఒక్కొక్క వ్యాగనే, బొగ్గు బండి కదిలింది. చివరి వ్యాగను దాటేదాకా ఆమె స్కూటీ హ్యాండిలు వదలలేదు.

బడి గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ ఇరవై అయింది. వానకి పోయిన కరెంటు ఇంకా రాలేదు. ఒక జనరేటరు మోగుతోంది, అది మైకుకే. మైదానం మధ్య సున్నంతో పెద్ద వృత్తం గీశారు. దాని అవతల తాడు కట్టి, తాడు వెనక తరగతుల వారీగా పిల్లల్ని కూర్చోబెట్టారు. స్వెట్టర్లు, మఫ్లర్లు. ముందు వరసలో ఒకటో తరగతి. వృత్తం అంచున గడ్డి మీద ఎర్రరెక్కల విమానం. ప్రవీణ్ దాని వెనక మోకాలి మీద కూర్చుని ఉన్నాడు. రాంప్రసాద్ మధ్యలో నిలబడి హ్యాండిలు తాడును మణికట్టుకు తగిలించుకుంటున్నాడు.

చిన్నతల్లి తాడు దాటి నేరుగా వృత్తంలోకి నడిచింది.

"ఏటి చిన్నతల్లీ, ఇలాగ పరుగెట్టుకొచ్చీసేవు?" అన్నాడు రాంప్రసాద్ నవ్వుతూ.

"అన్నయ్యా, ఎగరెయ్యకండి. ఆ కొక్కేలకి టంకం పట్టలేదు."

ఆయన నవ్వు ఆగింది. "ఏటంటన్నావు?"

"గురువారం నేను తేజాబ్ రాయలేదు. వానని, పేస్టెట్టీసేను. ఇదిగో, దాంతోపాటు చేసిన ముక్క. పొద్దున్న తిప్పితే ఊడొచ్చీసింది." కొంగు ముడి విప్పి ఆ రెండు తీగలూ ఆయన అరచేతిలో పెట్టింది.

రాంప్రసాద్ వాటిని చూశాడు, జనాన్ని చూశాడు. గొంతు తగ్గించాడు. "ఇది వేరే ముక్క. విమానానిది ఇప్పుడే పది కిలోలు లాగి చూసేం. నిలబడిందా లేదా ప్రవీణ్‌ని అడుగు."

ప్రవీణ్ లేచి వచ్చాడు. కరీంనగర్ మనిషి, ఈ ఊరొచ్చి నాలుగేళ్లు. "లాగినం అక్కా. కాంటాతోటి పది కిలోలు. జరంత కూడ కదల్లే."

"రాగి చుట్ట బిగుతుగా ఉంది గనక నిలబడింది. ఇంజను వణుకుకి నిలబడదు బాబూ. లోపల పట్టు లేదు."

"నీకెలాగ తెలుసు? కోసి చూసేవా?" అన్నాడు రాంప్రసాద్. ఆయన ముఖం ఎర్రబడుతోంది. "అదిగో, చీఫ్ గెస్టు వచ్చీసేడు. వీళ్లందరి ముందూ ఇప్పుడు నేనేటి చెప్పాలి?"

అప్పటికే ప్రిన్సిపాల్ మేడమ్ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని తడిగడ్డిలో వస్తోంది. "క్యా హువా, సర్? కోయీ ప్రాబ్లమ్?"

రాంప్రసాద్ చిన్నతల్లి వైపు తిరిగాడు. ఇంటి బయట ఆమె ఎవరి ముందూ గొంతెత్తిన మనిషి కాదు. మీటింగుల్లో చివరి వరసలో కూర్చుంటుంది. కానీ ముప్పై ఏళ్లుగా ఆమె చేస్తున్న ఉద్యోగంలో ఒకటే నియమం: అనుమానం ఉంటే ఎరుపు. రిలే పనిచేస్తుందేమో అని ఎవరూ పచ్చ చూపించరు.

"తప్పు నాది, మేడమ్" అని హిందీలో అంది. "ఈ విమానం అతుకు నేను సరిగ్గా వెయ్యలేదు. అది తెగితే పిల్లల మీదికి వస్తుంది. నాకు కొంచెం టైం కావాలి."

ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది. ఒకటో తరగతి వైపు ఒకసారి చూసింది. "సర్ తో కహ్ రహే థే సబ్ సేఫ్ హై?"

అంతా సేఫ్ అని సర్ అన్నారు కదా అన్న ఆ మాట రాంప్రసాద్‌కి గట్టిగా తగిలింది. హ్యాండిలు తాడు మణికట్టు నుంచి తీసి, "అచ్ఛా" అన్నాడు చిన్నతల్లితో, పళ్ల మధ్య నుంచి. "నువ్వే తేల్చు. నిలబడితే మాత్రం ఎగరేస్తాను. మరి మాట్లాడకూడదు."

"నిలబడితే నేనే ఊరుకుంటాను. ఇంజను వెయ్యండి. ఎగరెయ్యొద్దు, నేల మీదే. తీగలు లాగి పట్టుకుని, పెట్రోలు డబ్బా ఖాళీ అయ్యేదాకా."

ఆమె విమానం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. సంచిలోంచి నల్ల మార్కరు తీసి, ప్రతి కొక్కెం దగ్గరా రాగి చుట్ట అంచు మీదుగా, మడిచిన ఉక్కు తీగ కొస మీదికి ఒక్క సన్నటి గీత గీసింది. సిగ్నల్ పెట్టెల్లో బిగించిన నట్టుకీ బోల్టుకీ కలిపి పెయింటు గీత పెడతారు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. ఇదీ అంతే.

ప్రవీణ్ విమానం తోకను రెండు చేతులా నొక్కి పట్టాడు. రాంప్రసాద్ పంకా తిప్పాడు. మూడోసారికి ఇంజను అందుకుంది. పిల్లలంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు, ఎగరబోతోందనుకున్నారు. రాంప్రసాద్ అరవై అడుగుల అవతలికి వెళ్లి హ్యాండిలును ఛాతీకి ఆనించి వెనక్కి వాలి లాగాడు. తీగలు బిగిసి గాలిలో సన్నగా పాడాయి. రెక్క మొత్తం వణుకుతోంది.

ఒక నిమిషం. గీతలు రెండూ తిన్నగా ఉన్నాయి. రెండు నిమిషాలు. నూనె పొగ ఆమె ముఖాన కొడుతోంది, కళ్లు మండుతున్నాయి, రెప్ప వేయకుండా చూస్తోంది. గీతలు కదల్లేదు. మైకులో ఎవరో "బస్, అభీ షురూ హోగా" అంటూ ఇప్పుడే మొదలవుతుందని చెబుతున్నారు. చిన్నతల్లికి కొత్త భయం పట్టుకుంది. నిలబడిపోతే? మాట ఇచ్చేసింది. ఈ మూడు నిమిషాలు నిలబడి, గాలిలో నాలుగో నిమిషాన తెగితే? తెగాలని కోరుకుంటున్నానా నేను, అనుకుంది. అవును, ఇప్పుడే, ఇక్కడే తెగాలని కోరుకుంటోంది.

డబ్బా అయిపోయి ఇంజను ఒక్కసారి గుక్కపట్టి ఆగింది. ఉన్నట్టుండి నిశ్శబ్దం. రాంప్రసాద్ గబగబా నడిచి వచ్చాడు.

"ఏటైంది?"

ముందు కొక్కెం గీత చెక్కుచెదరలేదు. ఆయన ఆ గీత చూసి ఊపిరి వదిలాడు. చిన్నతల్లి రెండో కొక్కేన్ని వేలిగోటి మీద ఆనించి వెలుతురుకి తిప్పింది. అక్కడ గీత రెండు ముక్కలైంది. చుట్ట మీద ఉన్న సగం ఒకచోట, తీగ మీద ఉన్న సగం దానికి బియ్యపుగింజ మందం పక్కన. మడత విడిపోవడం మొదలైంది.

ఆమె దాన్ని ఆయన వైపు తిప్పింది. రాంప్రసాద్ జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, వంగి, చాలాసేపు చూశాడు. తర్వాత ప్లేయరు అడిగి తీసుకుని ఆ తీగ కొసను పట్టి లాగాడు. పెద్ద బలం కూడా పెట్టలేదు. కొక్కెం తెరుచుకుని తిన్నటి తీగైపోయింది.

"ఓరి నాయనో" అన్నాడు ప్రవీణ్.

రాంప్రసాద్ తడిగడ్డి మీదే చతికిలబడ్డాడు. ముందు వరసలో ఒక పిల్ల మఫ్లరు లాగితే ఇంకో పిల్ల ఏడుస్తోంది. ఆయన అటే చూస్తున్నాడు. "ఎంతసేపు పడతాది?" అని అడిగాడు.

"అరగంట. నిప్పు కావాలి."

నిప్పు బడి వంటింట్లో దొరికింది. మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డులో కట్టెల పొయ్యి మండుతోంది. వంట చేసే ఆవిడ పప్పు గిన్నె పక్కకు జరిపి, ఏమిటో ఏమిటో అంటూనే బొగ్గులు ముందుకి లాగింది. చిన్నతల్లి రాగి దిమ్మను అందులో పెట్టింది. అది ఎర్రబడకూడదు, మంట అంచు ఆకుపచ్చగా మారినప్పుడు తీయాలి. అదొక్కటే గుర్తు. ప్రవీణ్ షెడ్డు బయట గాలి తగిలే చోట రెండు ఇటుకల మీద విమానాన్ని పట్టుకుని కూర్చున్నాడు. రెక్కకు సెగ తగలకుండా తడిగుడ్డ చుట్టారు.

తెరుచుకోని కొక్కేన్ని కూడా ఆమే విప్పేసింది. పాత టంకం గీకి, ఉక్కు తీగను తెల్లగా మెరిసేదాకా ఆకురాయితో రుద్దింది. కొత్తగా మడిచి, కొత్త రాగి తీగను ఒక్కొక్క చుట్టూ పక్కనున్న దాన్ని తాకేలా చుట్టింది. అక్కడ రెండు చుట్ల మధ్య సందు పడింది. ముప్పై రెండేళ్లలో మొదటిసారి. ఒకసారి చుట్టిన చుట్టంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎదురుగా రాంప్రసాద్ నిలబడి ఉన్నాడు. అది గమనించి ఆయన పక్కకు తిరిగి, పొయ్యి ఊదుతున్నట్టు నటించాడు.

కోడి ఈకతో తేజాబ్ రాసింది. దిమ్మ తీసి, గుడ్డ మీద ఒక్క తుడుపు తుడిచి, అతుకు కింద ఆనించింది. తేజాబ్ సుయ్యిమని పొగలేచింది. టంకం తీగను దిమ్మకు కాదు, అతుకుకే తాకించింది. ఉక్కు వేడెక్కి దానంతటది కరిగించుకోవాలి. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకుంటుంటే టంకం ఉన్నట్టుండి నీళ్లలా పలచబడి చుట్ల సందుల్లోకి ఇంకిపోయింది. గురువారం అది పైపైన కూర్చుంది. ఇప్పుడు లోపలికి పోయింది. ఆ తేడా కంటికి కనిపిస్తుంది, చూడాలనుకుంటే.

రెండోదీ అయ్యాక నీళ్లలో సోడా కలిపి తేజాబ్ పోయేలా కడిగింది. చల్లారేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత మళ్లీ నమూనా: అదే దిమ్మతో, అదే వేడి మీద చేసిన ముక్క. దాన్ని రాంప్రసాద్‌కే ఇచ్చింది. ఆయన రెండు ప్లేయర్లతో పట్టుకుని మెడ నరాలు తేలేదాకా మెలితిప్పాడు. ఉక్కు తీగ వంకర పోయింది కానీ అతుకు వదల్లేదు.

మళ్లీ గీతలు. మళ్లీ పది కిలోల లాగుడు. మళ్లీ నేల మీద ఇంజను, మూడు నిమిషాలు. ఈసారి గీతలు రెండూ తిన్నగా ఉన్నాయి. అప్పటికి పదింపావు దాటింది. చీఫ్ గెస్టు వేరే పనుందని వెళ్లిపోయాడు. ప్రిన్సిపాల్ పిల్లల వరసల్ని ఇరవై అడుగులు వెనక్కి జరిపించింది.

"లూపులు, పల్టీలు వద్దన్నయ్యా" అంది చిన్నతల్లి.

"సరే" అన్నాడు.

ప్రవీణ్ వదిలాడు. విమానం గడ్డి మీద పదడుగులు గెంతి గాలిలోకి లేచింది. ఎర్రటి రెక్కలు ఒకసారి మెరిసి పిల్లల తలల ఎత్తున తిరగసాగాయి. చిన్నతల్లి తాడు లోపలే, పిల్లలకీ వృత్తానికీ మధ్య నిలబడింది. అక్కడ నిలబడి దేన్నీ ఆపలేనని ఆమెకు తెలుసు. కానీ ఇంకెక్కడా నిలబడలేకపోయింది. విమానం తన ముందు నుంచి దూసుకుపోయిన ప్రతిసారీ చుట్టు లెక్కపెట్టుకుంది. ఐదు చుట్లు. పది. పిల్లలు గొంతులు చించుకుంటున్నారు.

ఇరవయ్యో చుట్టులో రాంప్రసాద్ ముక్కు పైకెత్తాడు. విమానం నిట్టనిలువుగా లేచి, వెల్లకిలా తిరిగింది. చిన్నతల్లి "వద్దు" అని అరిచింది కానీ ఎవరికీ వినిపించలేదు. లూపు కింద నుంచి పైకి వచ్చే చోటే తీగల మీద లాగుడు ఎక్కువ. విమానం నేలకు నిలువెత్తు ఎత్తులో తిన్నబడి, మళ్లీ మామూలుగా తిరగసాగింది. పెట్రోలు అయిపోయి ఇంజను ఆగాక విమానం గడ్డి మీదికి జారి, ఒక చక్రం మీద కాస్త తూలి నిలబడింది.

నాలుగు వందల మంది ఒక్కసారి లేచారు. చిన్నతల్లి నెమ్మదిగా నడిచి, వంగి, గీతలు చూసింది. రెండూ తిన్నగా ఉన్నాయి. అప్పుడు కూర్చుంది.

రాంప్రసాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "లూపు వద్దన్నాను కదా" అంది చిన్నతల్లి.

"నువ్వు అతికేవు. నాకు తెలుసు గనక వేసేను" అన్నాడు. తీగలు చుట్టుకుంటూ, "ఆ పేస్టుతో ఇంకా వేటికైనా పెట్టేవా?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆమె ఫాటక్ దగ్గరే వేసుకుంది. "ఒకటి. గురువారమే, దీని తర్వాత. మస్తూరీ కాలేజీది. చక్రాల కాళ్లు."

మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా ముగ్గురూ ప్రవీణ్ కారులో మస్తూరీ వెళ్లారు. కాలేజీలో ఆ విమానం చూసుకునే లెక్చరరు మొదట ఒప్పుకోలేదు. సోమవారం పోటీ ఉంది, బాగానే ఉంది కదా, ఎందుకు విప్పాలి అన్నాడు. చిన్నతల్లి పొద్దున జరిగిందంతా చెప్పింది, తన తప్పు దగ్గర ఒక్క మాట కూడా తగ్గించకుండా. ఆ అతుకుల్లో మూడు నిలబడ్డాయి, ఒకటి చేత్తో ఊడొచ్చింది. సాయంత్రం నాలుగింటికల్లా నాలుగూ మళ్లీ వేసి ఇచ్చింది.

తిరుగుదారిలో కూడా ఆమె కారులోనే వచ్చింది, స్కూటీ బడి దగ్గరే ఉంది. తోర్వా దగ్గర దిగేటప్పుడు రాంప్రసాద్, "పొద్దున్న అందరి ముందూ నిన్ను కసురుకున్నాను" అన్నాడు.

"నేను మీకు గురువారమే చెప్పాల్సింది" అంది చిన్నతల్లి. "వాన తగ్గేదాకా ఆగమని. మీరు గడియారం చూస్తన్నారని ఊరుకున్నాను."

ఆయన తలాడించాడు. ఆ తర్వాత క్లబ్బులో ఒక పద్ధతి పెట్టాడు: నమూనా ముక్కను తయారుచేసిన మనిషి కాక ఇంకొకరు విరిచి చూడాలి, అది జరిగేదాకా విమానం ఇల్లు దాటకూడదు. కొందరు గొణిగారు. చిన్నతల్లి మాత్రం తన ముక్కలన్నీ ప్రవీణ్‌కిచ్చి విరవమంటుంది. అతనికి చేతకాక చేతులు నొప్పెట్టుకుంటాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆమె తనంతట తనే రాంప్రసాద్‌ని అడిగింది, హ్యాండిలు ఒకసారి పట్టుకుంటానని. ఆయన పాత శిక్షణ విమానం ఒకటి తెచ్చి, వెనక నిలబడి, ఆమె చేతి మీద చెయ్యి వేసి మూడు చుట్లు తిప్పించాడు. తీగల్లోంచి ఆ లాగుడు చేతికి తగలగానే ఆమె "ఓలమ్మో!" అంది. ఇంతకాలం కిలోల లెక్కలో విన్నది ఇదా అనుకుంది. నాలుగో చుట్టులో ఆయన చెయ్యి తీసేశాడు. ఐదో చుట్టులో ఆమెకి కళ్లు తిరిగి కింద పడింది, విమానం కూడా పడింది. పంకా విరిగింది. ముక్కు పగిలింది, విమానానిది.

ఇప్పటికి ఆమె మూడు పంకాలు విరగ్గొట్టింది. తిన్నగా పన్నెండు చుట్లు తిప్పగలదు. డ్యూటీ లేని ఆదివారాలు శంకరరావు కూడా వచ్చి, తాడు బయట కుర్చీ వేసుకుని కూర్చుని, చుట్లు లెక్కపెడతాడు. లూపు జోలికి ఆమె ఇంకా వెళ్లలేదు.